ఇంగ్లీషు ఉత్తరంలో టెన్స్ దారి తప్పకుండా రాయడం ఎలా?

జ్వరం వచ్చి మూడు రోజులు బడి మానేసిన పిల్లవాడు నాలుగో రోజు పొద్దున తరగతికి వచ్చి, బెంచీ మీద కూర్చుని, 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని లీవ్ లెటర్ రాస్తాడు. జ్వరం తగ్గింది కాబట్టే బడికి వచ్చాడు, కానీ ఉత్తరంలో మాత్రం ఇంకా మూలుగుతూనే ఉంటాడు. ఆ పిల్లవాడే పెద్దవాడై, అమెరికాలో చదువు కోసం రాసుకున్న స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను దిద్దమని నా బల్ల మీద పెడతాడు. ఎప్పుడో ముగిసిపోయిన ప్రాజెక్టు గురించి మొదటి వాక్యం పాస్ట్ టెన్స్‌లో ఉంటుంది, రెండోది ప్రజెంట్‌లోకి జారుతుంది, మూడోది ఏ కాలానిదో రాసినవాడికే తెలియదు.

ఇటువంటి కాగితాలను ఇరవై ఏళ్లకు పైగా దిద్దుతున్నాను. వీటిని రాసినవాళ్లెవరికీ గ్రామర్ రాదని నేను అనను. గో, వెంట్, గాన్ అని నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలరు. వాళ్లు తప్పుతున్నది క్రియారూపాల దగ్గర కాదు. తెలుగు వాక్యం కాలాన్ని చెప్పే పద్ధతి వేరు, ఇంగ్లీషు వాక్యం చెప్పే పద్ధతి వేరు, ఆ తేడాను ఎవరూ వాళ్లకు కూర్చోబెట్టి చూపించలేదు.

కావలసిన సరంజామా కొద్దిపాటిదే: గీతలున్న తెల్లకాగితాలు, పెన్సిల్, రబ్బరు. చిత్తుప్రతిని పెన్నుతో రాయకూడదు, ఫోన్‌లో అసలే రాయకూడదు. వరుస విడిచి వరుస రాయాలి. ఇది నా చాదస్తమని కొందరు అంటారు గాని, క్రియల చుట్టూ సున్నాలు చుట్టే పని తెర మీద కుదరదు.

పైమూలన కాలం రాసి పెట్టుకోవడం

మొదటి వాక్యం రాయకముందే ఈ కాగితం ఎప్పటి సంగతి చెబుతోందో తేల్చుకోవాలి. ఫిర్యాదు, సమావేశపు మినిట్స్, ప్రమాదం గురించిన వివరణ, పాత ఉద్యోగపు అనుభవం వంటివి జరిగిపోయిన సంగతులు కాబట్టి పాస్ట్‌లో నడుస్తాయి. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగపు బాధ్యతలు, ఒక యంత్రం పనిచేసే తీరు, వంట చేసే విధానం ప్రజెంట్‌లో నడుస్తాయి. నవల కథనో సినిమా కథనో క్లుప్తంగా చెప్పేటప్పుడు కూడా ప్రజెంట్‌లోనే చెప్పడం ఇంగ్లీషువారి ఆనవాయితీ. తేల్చుకున్న కాలాన్ని కాగితం పైన కుడి మూలన ఒక్క మాటలో రాసి పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక్కడ ఒక్క హెచ్చరిక చేయాలి. ఇంగ్లీషు పత్రికల శీర్షికలు చూసి టెన్స్ నేర్చుకోకూడదు. నిన్న జరిగిన సంగతిని కూడా 'ఇండియా విన్స్ వరల్డ్ కప్' అన్న ధోరణిలో ప్రజెంట్‌లో పెట్టడం శీర్షికల అలవాటు, దాని కింద వార్త మాత్రం పాస్ట్‌లోనే ఉంటుంది. శీర్షిక ఒక్కటే చూసి వదిలేసే పిల్లలు వ్యాసంలో 'ఇన్ 2011 ఇండియా విన్స్ ద వరల్డ్ కప్' అని రాసుకొస్తారు. 2011 ఏప్రిల్ 2న ముంబై వాంఖడే స్టేడియంలో శ్రీలంక మీద గెలిచిన ఆటకు, పక్కన సంవత్సరం కూడా వేసి చెబుతున్నప్పుడు, వ్యాసంలో 'వన్' అనే రాయాలి.

చిత్తుప్రతి

ఆగకుండా చివరిదాకా రాసేయాలి. మధ్యలో దిద్దుకోకూడదు. ఉదాహరణగా ఒక ఫిర్యాదును తీసుకుంటాను. నా దగ్గరకు వచ్చిన రెండు మూడు కాగితాలను కలిపి నేనే తయారుచేసిన ఉత్తరమిది.

'లాస్ట్ సండే ఐ వాజ్ ట్రావెలింగ్ ఫ్రమ్ హైదరాబాద్ టు విజయవాడ. ద బస్ స్టాప్స్ ఎట్ సూర్యాపేట ఫర్ టీ. ఐ గెట్ డౌన్ అండ్ డ్రాంక్ టీ. వెన్ ఐ కేమ్ బ్యాక్, వన్ మ్యాన్ ఈజ్ సిట్టింగ్ ఇన్ మై సీట్ అండ్ మై బ్యాగ్ ఈజ్ నాట్ దేర్. ఐ ఆస్క్డ్ ద కండక్టర్ బట్ హి టోల్డ్ ఐ డోంట్ నో. ఐ హ్యాడ్ గాన్ టు ద పోలీస్ స్టేషన్ అండ్ దే సెడ్ వి విల్ కాల్ యూ. మై బ్యాగ్ వాజ్ బ్లూ.'

చదివితే అర్థం కాకుండా పోదు. అర్థమవుతోంది కదా అనే ధీమాతోనే ఇటువంటి ఉత్తరాలు దిద్దుబాటు లేకుండా ఆఫీసులకు వెళ్లిపోతున్నాయి.

క్రియలకు సున్నాలు చుట్టడం

కర్త ఉండి, కాలం తెలిపే ప్రతి క్రియ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాలి. 'టు' వెనక వచ్చే క్రియనూ, ముందు హెల్పింగ్ వెర్బ్ లేకుండా ఒంటరిగా వచ్చే 'ఇంగ్' రూపాన్నీ వదిలేయాలి, అవి కాలాన్ని మోయవు. హెల్పింగ్ వెర్బ్ ఉన్నచోట కాలాన్ని మోసేది అదే కాబట్టి, 'వాజ్ ట్రావెలింగ్'లో చూడవలసింది 'వాజ్'ను మాత్రమే. 'డిడ్ నాట్ వెంట్' అని రాసేవాళ్లు ఈ ఒక్క సంగతి గమనిస్తే బాగుపడతారు, భూతకాలాన్ని 'డిడ్' ఎత్తుకున్నాక 'గో' నెత్తిన మళ్లీ పెట్టనక్కరలేదు.

పై ఉత్తరంలో పద్నాలుగు సున్నాలు వస్తాయి. తెలుగులో అదే సంగతి చెబితే అన్ని రావు. 'బస్సు దిగి, టీ తాగి, తిరిగి వచ్చి చూశాను' అన్న వాక్యంలో పనులు నాలుగు, కాలం తెలిపే క్రియ ఒక్కటే. దిగి, తాగి, వచ్చి అన్నవి అసమాపక క్రియలు, కాలం సంగతి చివర ఉన్న 'చూశాను' చూసుకుంటుంది. ఇంగ్లీషులో 'గాట్ డౌన్, డ్రాంక్, కేమ్ బ్యాక్, లుక్డ్' అని నాలుగింటికీ విడివిడిగా భూతకాలం తొడగాలి. చివరి క్రియ ఒక్కదాన్ని జాగ్రత్తగా చూసుకోవడం పుట్టినప్పటి నుంచి అలవాటైన మనకు, వరుసలో ముందున్న క్రియలను పచ్చిగా వదిలేయడం సహజమే. అందుకే 'గెట్ డౌన్ అండ్ డ్రాంక్' లాంటి వింత జంటలు పుడతాయి.

ఇక్కడ 'గాట్ డౌన్' కాదు 'గాట్ ఆఫ్' అనాలని వాదించేవాళ్లున్నారు. వాళ్ల మాట నిజమే గాని అది టెన్స్ తగాదా కాదు, ఇంకో రోజు చూసుకోవచ్చు.

హిట్, పుట్, కట్ వంటి క్రియలకు వీ-వన్ (మూల రూపం), వీ-టూ (భూతకాల రూపం) ఒకటే. 'రీడ్' అయితే ఉచ్చారణ మారుతుంది గాని అక్షరాలు మారవు. ఇవి ఏ కాలంలో ఉన్నాయో వాటిని చూసి చెప్పలేం కాబట్టి, ఇరుగుపొరుగు క్రియలు సరిగా ఉంటే వీటిని అలాగే వదిలేయవచ్చు.

అసలు చిక్కు: 'ఉన్నాడు', 'లేదు', 'అని'

ఇంతవరకు చెప్పినదంతా ఎవరైనా ఒక పూటలో నేర్చుకోగలరు. కాగితాలు పాడయ్యేది ఇక్కడే కాబట్టి, ఈ భాగాన్ని తొందరపడి దాటవద్దని మనవి.

'ఇప్పుడు నా సీట్లో ఎవరో కూర్చుని ఉన్నాడు' అంటాం. 'నేను తిరిగి వచ్చేసరికి నా సీట్లో ఎవరో కూర్చుని ఉన్నాడు' అని కూడా అంటాం. మొదటి వాక్యం ఈ నిమిషం సంగతి, రెండోది పోయిన ఆదివారం సంగతి, అయినా 'ఉన్నాడు' అన్న మాట అక్షరం మారలేదు. 'బ్యాగు లేదు' అన్నా అంతే. 'టీ తాగుతున్నాడు' అన్నా అంతే. తెలుగులో 'వచ్చేసరికి' అన్న ఒక్క మాట మనల్ని తీసుకెళ్లి ఆ బస్సులో నిలబెడుతుంది, అక్కడి నుంచి కళ్ల ముందు కనిపిస్తున్నదాన్ని ఉన్నది ఉన్నట్టు చెబుతాం. వినేవాళ్లు కూడా మనతో పాటు బస్సెక్కుతారు కాబట్టి ఎవరికీ తికమక ఉండదు. ఇంగ్లీషులో కథ చెప్పేవాడు బస్సెక్కడు. ఈ రోజు, ఈ బల్ల దగ్గర కూర్చుని, వెనక్కి తిరిగి చూస్తూ చెబుతాడు. బ్యాగు కనిపించని ఆ క్షణం ఎంత కళ్లకు కట్టినట్టున్నా, అతనికి అది పోయిన ఆదివారమే.

ఈ తేడా తెలియకుండా 'ఉన్నాడు'కు 'ఈజ్' అనీ, 'లేదు'కు 'ఈజ్ నాట్' అనీ మాటకు మాట వేసుకుంటూ పోవడం వల్లే 'వెన్ ఐ కేమ్ బ్యాక్, వన్ మ్యాన్ ఈజ్ సిట్టింగ్' పుడుతోంది. ఈ వాక్యంలో 'కేమ్' సరిగానే ఉందని గమనించండి. ముందు సగం సరిగా రాసి, వెనక సగంలో జారిపోయే తప్పు ఇది. తొందరగా చదివే కంటికి చిక్కదు.

దీనికి నేను వాడే పరీక్ష ఒకటే ఉంది. ప్రతి సున్నా దగ్గర ఆగి, 'ఈ కాగితం రాస్తున్న ఈ నిమిషంలో ఈ మాట నిజమా?' అని తెలుగులోనే అడగాలి. ఆ మనిషి ఇప్పుడు నా సీట్లో కూర్చుని ఉన్నాడా? బస్సు డిపోకు చేరి నాలుగు రోజులైంది, లేడు. అయితే 'వాజ్ సిట్టింగ్'. 'బ్యాగు లేదు' దగ్గర మాత్రం చాలామంది తడబడతారు. బ్యాగు ఇప్పటికీ దొరకలేదు కదా, కాబట్టి 'ఈజ్ నాట్' సరైనదే కదా అని ఒకమ్మాయి నాతో అరగంట వాదించింది. ఆ వాక్యంలో 'దేర్' అన్న మాట ఉంది. అది ఆ బస్సులోని ఆ సీటు, ఆ ఆదివారం. ఇప్పుడు ఆ సీటు మీద ఎవరి బ్యాగు ఉందో మనకేం తెలుసు? అందుచేత 'వాజ్ నాట్ దేర్'. బ్యాగు ఇంకా దొరకలేదన్న సంగతి కూడా చెప్పాలనుకుంటే దానికి వేరే వాక్యం ఉంది: 'ఐ హావ్ నాట్ ఫౌండ్ ఇట్ యెట్.'

తెలుగు 'లేదు' ఇంకో చోట కూడా మోసం చేస్తుంది. 'ఆ రోజు ఫోన్ రాలేదు', 'ఇప్పటికీ ఫోన్ రాలేదు' అన్న రెండింటిలోనూ 'రాలేదు' ఒక్కటే. ఇంగ్లీషులో మొదటిది 'దే డిడ్ నాట్ కాల్ మి దట్ డే', రెండోది 'దే హావ్ నాట్ కాల్డ్ మి యెట్'. ఎదురుచూపు ముగిసిందా, ఇంకా సాగుతోందా అన్నదే చూసుకోవాలి.

ఇక మిగిలింది 'అని'. 'నాకు తెలియదు అన్నాడు' అన్నప్పుడు కండక్టర్ నోటి మాటను మనం ముక్క చెడకుండా మోసుకొస్తాం, 'నాకు' అన్నది కండక్టరేనని అందరికీ తెలుసు. దాన్నే 'హి టోల్డ్ ఐ డోంట్ నో' అని ఇంగ్లీషులో దించితే, చదివేవాడికి 'ఐ' అంటే ఉత్తరం రాసినవాడు అవుతాడు. బ్యాగు సంగతి బ్యాగు పోగొట్టుకున్నవాడికే తెలియదన్నట్టుగా తయారవుతుంది. పదో తరగతిలో డైరెక్ట్ స్పీచ్‌ను ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లోకి మార్చమని అడిగితే వీళ్లందరూ మార్కులు తెచ్చుకున్నవాళ్లే, కానీ అది ప్రశ్నపత్రంలో అడిగితే చేసే పని తప్ప సొంత ఉత్తరంలో చేయవలసిన పనిగా వాళ్లకు తోచదు.

ఈ పనిని రెండు విడతల్లో చేయాలి, ఒక్కసారిగా చేయబోతే రెండూ చెడతాయి. మొదటి విడతలో మనిషిని మాత్రం మార్చాలి: 'ఐ' అన్నది కండక్టర్ కాబట్టి 'హి', 'వి' అన్నది పోలీసులు కాబట్టి 'దే', 'యూ' అన్నది నేను కాబట్టి 'మి'. అక్కడ పెన్సిల్ కింద పెట్టి, మళ్లీ మొదటి నుంచి చదవాలి. రెండో విడతలో కాలాన్ని ఒక మెట్టు వెనక్కి జరపాలి: 'డోంట్ నో' కాస్తా 'డిడ్ నాట్ నో' అవుతుంది, 'విల్ కాల్' కాస్తా 'వుడ్ కాల్' అవుతుంది. ఫోన్ ఇంకా రావలసే ఉంది కాబట్టి 'విల్' కూడా చెల్లుతుందని వ్యాకరణం తెలిసినవాళ్లు అంటారు. చెల్లుతుంది. అయినా ఆఫీసు ఉత్తరంలో 'వుడ్' రాయండి, వాదించకండి. 'టోల్డ్' వెనక ఎవరికి చెప్పాడో తప్పనిసరిగా ఉండాలి, అది గుర్తుండదనుకుంటే 'సెడ్' రాసుకుంటే గొడవ ఉండదు.

మార్చకూడని చోట మార్చకుండా ఉండడం

టెన్స్ కలగాపులగం చేయకూడదని ఒకసారి గట్టిగా చెప్పించుకున్నవాళ్లు, ఆ తర్వాత కనిపించిన ప్రతి క్రియకూ భూతకాలం తొడిగేస్తారు. 'మై బ్యాగ్ వాజ్ బ్లూ' అలా వచ్చినదే. దొంగ దాన్ని ఎత్తుకుపోయాడు గాని రంగు వేయలేదు కదా! ఇప్పటికీ ఎక్కడున్నా ఆ బ్యాగు నీలమే, పోలీసులు వెతకవలసింది నీలం బ్యాగునే. అదే పరీక్ష పెడితే ఈ మాట ఈ నిమిషంలో కూడా నిజం కాబట్టి 'ఈజ్ బ్లూ' అని తేలుతుంది. అందులో సర్టిఫికెట్లున్న సంగతి కూడా రాయవలసి వస్తే నేను 'ఇట్ కంటెయిన్డ్ మై సర్టిఫికెట్స్' అనే రాయిస్తాను, ఎందుకంటే ఇప్పుడు అందులో ఏం మిగిలిందో ఎవరికి తెలుసు?

'హ్యాడ్' గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఉత్తరానికి బరువు వస్తుందని కాబోలు, మనవాళ్లు జరిగిపోయిన ప్రతిదానికీ 'హ్యాడ్' తగిలిస్తారు. జరిగిన రెండు పనుల్లో ముందు జరిగినదాన్ని చూపడానికే అది పుట్టింది. 'బై ద టైమ్ ఐ కేమ్ బ్యాక్, ఎ మ్యాన్ హ్యాడ్ టేకెన్ మై సీట్' అన్నప్పుడు రావడం కన్నా సీటు పట్టడం ముందు జరిగింది కాబట్టి సరిపోయింది. పోలీస్ స్టేషన్‌కు వెళ్లడం తర్వాత వరుసలో జరిగిన పనే కాబట్టి 'వెంట్' చాలు. ఒక పేరాలో ఒకటికి మించి 'హ్యాడ్' రాయకూడదన్నది నా బల్ల దగ్గర నియమం.

ప్రజెంట్‌లో నడిచే కాగితాల్లో చిక్కు 'వస్తాడు' దగ్గర వస్తుంది. 'రోజూ తొమ్మిదింటికి వస్తాడు', 'రేపు వస్తాడు' అన్న రెండింటికీ తెలుగులో ఒకటే రూపం. అలవాటును చెప్పే మొదటిదాన్ని పాత వ్యాకరణాలు తద్ధర్మం అన్నాయి, రెండోది భవిష్యత్తు. రూపం ఒకటే కావడం వల్ల రెజ్యూమేల్లో 'డైలీ ఐ విల్ చెక్ ద రిపోర్ట్స్' అని కనిపిస్తుంది. రోజూ చేసే పనికి 'ఐ చెక్' చాలు, 'విల్'ను రేపటి కోసం దాచుకోవాలి. అలాగే 'ఐదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను' అన్నది 'ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' కాదు, 'ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్'.

పన్నెండు గదుల పట్టిక, సాఫ్ట్‌వేర్

ఇంత శ్రమ ఎందుకు, గోడ మీద పన్నెండు టెన్సుల చార్టు ఉంది కదా అని అడుగుతారు. మూడు కాలాలు, ఒక్కోదానికి నాలుగు రూపాలు, వెరసి పన్నెండు. ఏ రూపం ఎలా తయారవుతుందో ఆ చార్టు చెబుతుంది, ఎక్కడ ఏది వాడాలో చెప్పదు. పైగా చార్టు బట్టీపట్టినవాడు నేర్చుకున్నవన్నీ ఒకే ఉత్తరంలో వాడి చూపించాలనుకుంటాడు. ఇంట్లో పన్నెండు గదులున్నాయని రాత్రికి పన్నెండింటిలోనూ పక్క వేసుకోం కదా!

గ్రామర్ దిద్దే సాఫ్ట్‌వేర్ మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. 'ద బస్ స్టాప్స్ ఎట్ సూర్యాపేట ఫర్ టీ' అన్న వాక్యాన్ని విడిగా చూస్తే అందులో ఏ తప్పూ లేదు, ఆ బస్సు రోజూ అక్కడ టీ కోసం ఆగుతుందని అర్థం. పోయిన ఆదివారం ఆగిన సంగతి చెబుతున్నాం కాబట్టే అది తప్పయింది. ఏ సంగతి చెప్పదలచుకున్నామో మనకు తెలుసు, యంత్రం ఊహించుకోవాలి.

కింద నుంచి పైకి చదవడం

దిద్దడం పూర్తయ్యాక సున్నాలు చుట్టిన క్రియలను మాత్రమే, చివరి వాక్యం నుంచి మొదటి వాక్యం వైపుగా, పైకి చదవాలి. పై నుంచి కిందికి చదివితే కథలో పడి మళ్లీ బస్సెక్కేస్తాం. కింద నుంచి చదివితే కథ విరిగిపోతుంది, క్రియలు ఒంటరిగా దొరుకుతాయి. మన ఉత్తరంలో పద్నాలుగు సున్నాల్లో ఎనిమిదింటికి కాలం మారింది, 'టోల్డ్' దగ్గర మాట మాత్రమే మారింది. దిద్దాక ఇలా ఉంది:

'లాస్ట్ సండే ఐ వాజ్ ట్రావెలింగ్ ఫ్రమ్ హైదరాబాద్ టు విజయవాడ. ద బస్ స్టాప్డ్ ఎట్ సూర్యాపేట ఫర్ టీ. ఐ గాట్ డౌన్ అండ్ డ్రాంక్ టీ. వెన్ ఐ కేమ్ బ్యాక్, ఎ మ్యాన్ వాజ్ సిట్టింగ్ ఇన్ మై సీట్ అండ్ మై బ్యాగ్ వాజ్ నాట్ దేర్. ఐ ఆస్క్డ్ ద కండక్టర్, బట్ హి సెడ్ హి డిడ్ నాట్ నో. ఐ వెంట్ టు ద పోలీస్ స్టేషన్, అండ్ దే సెడ్ దే వుడ్ కాల్ మి. మై బ్యాగ్ ఈజ్ బ్లూ.'

దీన్ని శుభ్రంగా టైపు చేసుకున్నాక, కింద 'ఐ యామ్ రిక్వెస్టింగ్ యూ' అని ఒక వాక్యం చేర్చాలని చాలామందికి బుద్ధి పుడుతుంది. చేర్చండి, కానీ 'ఐ రిక్వెస్ట్ యూ' అని రాసి, దానికి కూడా సున్నా చుట్టి చూసుకున్నాకే సంతకం పెట్టండి.